450 సైజు హెలికాప్టర్ బిల్డ్ డైరీ: స్పీడు మారదు, బ్లేడు కోణమే మారుతుంది

జనవరి, సంక్రాంతి వెళ్ళాక

డ్రోన్లు కట్టడం అయిపోయింది, ఈసారి హెలికాప్టరే. రిమోట్ బొమ్మల్లో వచ్చే చిన్నది కాదు, కలెక్టివ్ పిచ్ (బ్లేడ్ల కోణాన్ని, అంటే పిచ్‌ని, అన్నిటికీ ఒకేసారి మార్చే ఏర్పాటు) ఉన్న 450 సైజుది. బ్లేడు ఒక్కోటి 325 మిల్లీమీటర్లు, రోటర్ ఈ చివర నుంచి ఆ చివరకి 70 సెంటీమీటర్లు, బ్యాటరీ పెట్టాక మొత్తం ముప్పావు కిలో. డ్రోన్ లేవాలన్నా వంగాలన్నా తిరగాలన్నా నాలుగు మోటార్ల స్పీడు అటూ ఇటూ చేయడమే, లోపల బోర్డు చూసుకుంటుంది. హెలికాప్టర్‌లో అట్లా ఉండదు. గాల్లోకి లేచినా దిగినా ముందుకెళ్ళినా రోటర్ స్పీడు దాదాపు ఒక్కటే, మారేదల్లా బ్లేడు ఎంత కోణంలో గాలిని కోస్తుందనేది. పుస్తకంలో చదివితే ఒక లైను, కానీ దాన్ని చేత్తో తిప్పి, కాటా మీద తూచి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

మేముండేది అల్వాల్. పక్కనే హకీంపేటలో ఎయిర్ ఫోర్స్ వాళ్ళ హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ ఉంది కాబట్టి చేతక్ హెలికాప్టర్లు ఇంటి మీంచి పోవడం మాకు అలవాటే. మేడ మీద నిలబడి చూస్తే దాని మూడు బ్లేడ్ల చప్పుడు లేచినా దిగినా పెద్దగా మారదు, అది గమనించినప్పటి నుంచే నాకీ పిచ్చి. చేతక్ రోటర్ 11 మీటర్లు, నిమిషానికి 350 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది, లెక్కేస్తే బ్లేడు కొస సెకనుకి 200 మీటర్లు. ధ్వని వేగం 340 కాబట్టి అంతకంటే మరీ ఎక్కువ తిప్పడానికి వీల్లేదు, ముందుకి ఎగిరేటప్పుడు ఎగిరే స్పీడు కూడా ఒక పక్క బ్లేడుకి కలుస్తుంది కదా.

ఫిబ్రవరి మొదట్లో

ఫ్రేమ్, మోటార్, సర్వోలు (చెప్పినంత కోణానికి తిరిగే చిన్న మోటార్లు) వచ్చేశాయి. చిన్న బేరింగులు రాణిగంజ్‌లో తెచ్చుకున్నా, వైర్లూ కనెక్టర్లూ కోఠి గుజరాతీ గల్లీలో. ఈ వారమంతా బ్లేడ్లు బిగించే రోటర్ హెడ్ పని మీదే కూర్చున్నా.

హెడ్ బిగించే ముందు ఒక లెక్క వేసుకోవాలి, ఇది వేసుకుంటే స్క్రూడ్రైవర్ పట్టుకునే పద్ధతే మారిపోతుంది. బ్లేడు బరువు 25 గ్రాముల పైచిలుకు, దాని మధ్య బిందువు రోటర్ షాఫ్ట్ నుంచి 18 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, 2500 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర అది బయటికి లాగే బలం దాదాపు 30 కిలోలు. ఒక్కో బ్లేడుకి! అంటే ముప్పావు కిలో మిషన్‌లో, అటు ఒక బియ్యం బస్తా ఇటు ఒక బియ్యం బస్తా వేలాడేంత లాగుడు, ఆ రెండూ హెడ్‌లోంచి అడ్డంగా పోయి రెండు బ్లేడ్లనీ కలిపే ఒక సన్నటి ఫెదరింగ్ షాఫ్ట్ చివర్ల బోల్టుల మీద ఆధారపడి ఉన్నాయి. అంత లాగుడులోనూ బ్లేడు మెత్తగా కోణం మారాలి, అందుకే బ్లేడుని పట్టుకునే గ్రిప్ లోపల, ఆ లాగుడు మోసే థ్రస్ట్ బేరింగ్ పెడతారు. దాంట్లో రెండు వాషర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని రంధ్రం వెంట్రుకవాసి పెద్దది. పెద్ద రంధ్రం ఉన్నది లోపలికి, మధ్యలోని హబ్ వైపు, చిన్నది బయటికి, బోల్టు వైపు. వెర్నియర్‌తో కొలిచి, మార్కర్‌తో చుక్క పెట్టుకుని మరీ వేశా. బోల్టులకి, ఊడకుండా పట్టే త్రెడ్‌లాకర్ జిగురు తప్పనిసరి, చుక్క చాలు, ఎక్కువైతే బేరింగ్‌లోకి పోతుంది.

ఒక విచిత్రం ఏంటంటే, ఇదే 30 కిలోల లాగుడు వల్లే బ్లేడ్లు గట్టిగా నిలబడతాయి. ఆగి ఉన్నప్పుడు పెద్ద హెలికాప్టర్ బ్లేడ్లు కిందికి వేలాడుతూ కనిపిస్తాయి కదా, అవి తిరుగుతుంటేనే తిన్నగా అవుతాయి, బరువు మోయడానికి కావాల్సిన గట్టిదనం ఇనుములోంచో కార్బన్‌లోంచో కన్నా తిరగడంలోంచే ఎక్కువ వస్తుంది.

ఫిబ్రవరి, కాటా టెస్టు

ఇదీ నేను అసలు ఎదురుచూసింది. బాలానగర్‌లో మీటరు పొడుగు ఇనప పైపుకి బేస్ ప్లేటు వెల్డింగ్ చేయించుకొచ్చా. "సార్, ఇది దేనికి, గొడుగుకా" అని అడిగాడు వెల్డింగ్ అన్న. హెలికాప్టర్ బిగించడానికి అంటే పని ఆపి బండి దాకా వచ్చి ఫోన్‌లో ఫొటోలు చూసి, నేను అడక్కుండానే బేస్‌కి ఇంకో రెండు అడ్డ పట్టీలు వేసి ఇచ్చాడు. కిరాణా అంకుల్ దగ్గర 30 కిలోల ఎలక్ట్రానిక్ కాటా ఆదివారం మధ్యాహ్నానికి అడిగి తెచ్చా. కాటా మీద పైపు, పైపు మీద హెలికాప్టర్, మేడ మీద నేనూ మా తమ్ముడూ మెట్ల గది గోడ వెనక.

ఇక్కడ ఒక చిక్కుంది. మామూలుగా రోటర్ పైకి లాగితే కాటా బరువు తగ్గాలి, కానీ రోటర్ కిందికి తోసే గాలి వచ్చి కాటా ప్లేటు మీదే కొడుతుంది, అది మళ్ళీ బరువు పెంచుతుంది, రీడింగ్ పాడవుతుంది. అందుకని పిచ్‌ని నెగటివ్ వైపు పెట్టి టెస్టు చేశాం. ఈ మోడల్ బ్లేడ్లు పైనా కిందా ఒకే వంపు ఉన్నవి, సిమెట్రికల్, కాబట్టి మైనస్ 5 డిగ్రీలకి ఎంత కిందికి తోస్తాయో ప్లస్ 5 డిగ్రీలకి అంతే పైకి లాగుతాయి. నెగటివ్‌లో గాలి ఆకాశంలోకి పోతుంది, కాటా ప్రశాంతంగా ఉంటుంది, రోటర్ తోసే బలం (థ్రస్ట్) ఎంతో అంత బరువు అదనంగా చూపిస్తుంది.

సున్నా డిగ్రీల దగ్గర 2500 ఆర్పీఎం, టాకోమీటర్‌తో చూశాం. వీధి చివర దాకా వినపడే మోత, బ్లేడు కొస సెకనుకి 90 మీటర్లు, అంటే గంటకి 330 కిలోమీటర్ల లెక్క, అయినా కాటా మీద అంకె కదల్లేదు! వాట్‌మీటర్ మాత్రం 60 చుట్టుపక్కల చూపిస్తోంది. అంటే ఏ బరువూ మోయకుండా, ఊరికే గాలిని చీల్చుకుంటూ తిరగడానికే అంత ఖర్చు. మైనస్ 3 దగ్గర హెలికాప్టర్ బరువులో సగం వచ్చింది. మైనస్ 5 దాటుతుండగా ముప్పావు కిలో వచ్చేసింది, అప్పుడు వాట్లు 100 పైన. ఆర్పీఎం అదే, స్పీడు మారకుండా చూసే గవర్నర్ పట్టి ఉంచింది, చప్పుడు కొంచెం బరువెక్కింది అంతే. మా తమ్ముడు గోడ వెనకనుంచి తొంగి చూసి "అన్నా, మోటార్ స్పీడు పెంచినవా" అన్నాడు. పెంచలేదురా, బ్లేడ్లని రెండు డిగ్రీలు తిప్పా, అంతే అని ట్రాన్స్‌మిటర్ వాడి చేతికే ఇచ్చా, వాడు స్టిక్ అటూ ఇటూ అంటుంటే కాటా అంకె వాడి బొటనవేలు వెంట పరుగెత్తింది.

కాగితం మీద లెక్క కూడా వేశా. 70 సెంటీమీటర్ల వృత్తంలోంచి ముప్పావు కిలో నిలబెట్టేంత గాలిని కిందికి తోయాలంటే గాలి సెకనుకి 3 మీటర్ల వేగంతో రోటర్‌లోంచి దిగితే చాలు, దానికి కావాల్సిన పవర్ 22 వాట్లే. మిగతాదంతా బ్లేడు రాపిడికీ, మోటార్, దాన్ని నడిపే ఈఎస్సీ బోర్డు వేడికీ, గేర్లకీ, టెయిల్‌కీ పోతోంది. అదే బరువుని ఇంకా పెద్ద వృత్తంతో, ఇంకా నెమ్మదిగా దిగే గాలితో మోస్తే ఆ 22 కూడా తగ్గుతుంది, హెలికాప్టర్లకి అంత పొడుగు బ్లేడ్లు ఎందుకో దీంట్లోనే ఉంది. ఇంకోటి, లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, గాలి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బ్లేడు మధ్యలో, కొస వేగంలో సగమే ఉన్నచోట, అదే కోణానికి అంగుళానికి వచ్చే లిఫ్ట్ పావు వంతే. బరువు ఎక్కువగా మోసేది బయటి భాగమే. పెద్ద హెలికాప్టర్ల బ్లేడ్లకి మొదలు దగ్గర ఎక్కువ కోణం, కొసకి తక్కువ కోణం వచ్చేట్టు మెలి పెడతారు, భారం కొంచెం సమానంగా పంచడానికి. మోడల్స్‌కి మెలి ఉండదు, తలకిందులుగా కూడా ఎగరాలి కదా.

మార్చి

స్వాష్‌ప్లేట్. హెలికాప్టర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. కింద రింగు తిరగదు, పై రింగు రోటర్‌తో పాటు తిరుగుతుంది, మధ్యలో బేరింగ్. కింద రింగుని 120 డిగ్రీల ఎడంలో మూడు సర్వోలు పట్టుకుంటాయి. మూడూ కలిసి పైకి తోస్తే రెండు బ్లేడ్ల కోణం ఒకేసారి పెరుగుతుంది, అది కలెక్టివ్. ఒకటి లేచి ఇంకోటి దిగితే రింగు వంగుతుంది, అప్పుడు ఒక్కో బ్లేడు చుట్టు తిరుగుతూ ఒక పక్కన కోణం పెంచుకుని ఎదురు పక్కన తగ్గించుకుంటుంది, ప్రతి చుట్టులోనూ. అది సైక్లిక్. 2500 ఆర్పీఎం అంటే చుట్టుకి 24 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి నలభై సార్ల పైన ప్రతి బ్లేడూ ఈ పని చేస్తోంది.

ఇప్పుడు బెంచ్ మీద, మోటార్ వైర్లు పీకేసి, బ్లేడుకి కోణం కొలిచే పిచ్ గేజ్ తగిలించి చూశా. ముక్కు దిగి ముందుకెళ్ళాలంటే రోటర్ ముందు భాగం దిగాలి, వెనక లేవాలి. అలాంటప్పుడు బ్లేడు తోక మీదికి వచ్చినప్పుడు కోణం పెరగాలి అనుకుంటాం. బ్లేడుని సరిగ్గా తోక మీద పెట్టి స్టిక్ ముందుకి నొక్కా, గేజ్ కదల్లేదు. ముక్కు మీద పెట్టి నొక్కా, కదల్లేదు. కుడి పక్కకి తిప్పి నొక్కితే అప్పుడు పెరిగింది, ఎడమకి తిప్పి నొక్కితే తగ్గింది. నా రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగిన వైపే తిరుగుతుంది, చేతక్ లాగే.

కారణం ఇదీ. కుడి పక్కన బ్లేడుకి ఎక్కువ లిఫ్ట్ దొరుకుతుంది నిజమే, కానీ దొరికిన క్షణమే అది ఎత్తుకి చేరదు, లేవడం మొదలెడుతుంది, ఆ లేచే ఊపు మీద ఉండగానే ఇంకో పావు చుట్టు తిరిగిపోతుంది, ఎత్తుకి చేరేసరికి తోక మీద ఉంటుంది. పావు చుట్టు, 90 డిగ్రీలు, నా రోటర్‌కి 6 మిల్లీసెకన్లు. హెడ్ డిజైన్ చేసినవాళ్ళు ఈ ఆలస్యాన్ని ముందే లెక్కలో పెట్టుకుని, లింకు రాడ్డుని బ్లేడుకి ఎదురుగా కాకుండా పావు చుట్టు తేడాతో తగిలించారు, అందుకే పైలట్ ముందుకి నొక్కితే స్వాష్‌ప్లేట్ ముందుకే వంగుతుంది, మిషన్ కూడా ముందుకే వంగుతుంది, మధ్యలో జరిగిందంతా మనకి కనపడదు. నా మోడల్ హెడ్ బ్లేడు ఊపుని అణిచే గట్టి రబ్బరు డాంపర్లతో ఉంది కాబట్టి తేడా 90కి కొంచెం తక్కువే ఉంటుంది, ఆ మిగిలింది ఫ్లైబార్‌లెస్ యూనిట్ (మిషన్‌ని నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ పెట్టె)లోని గైరోలు, అంటే తిరుగుడుని పసిగట్టే చిప్పులు, సర్దుతాయి. గైరో చిప్పులు లేని రోజుల్లో నిలకడగా ఉంచే పని ఇనప కడ్డీతో చేయించారు, బెల్ కంపెనీలో ఆర్థర్ యంగ్ రోటర్ కింద బరువులున్న స్టెబిలైజర్ బార్ పెట్టాడు, 1946లో సివిల్ సర్టిఫికెట్ వచ్చిన బెల్ 47 మీద కనిపించేది అదే.

ఏప్రిల్ మొదటి వారం

టెయిల్ రోటర్ గురించి ఎక్కువ రాయను, దీనికి లెక్క సులువు. రోటర్ షాఫ్ట్‌కి చేరే పవర్ 70 వాట్లు అనుకుంటే బాడీ ఎదురు తిరగాలని చూసే టార్క్ (తిప్పే బలం) 0.27 న్యూటన్ మీటర్లు, టెయిల్ 42 సెంటీమీటర్ల దూరంలో ఉంది, 65 గ్రాములు పక్కకి తోస్తే ఆగిపోతుంది. టెయిల్ బెల్టు మీద మెయిన్ రోటర్‌కి నాలుగు రెట్ల పైన తిరుగుతుంది, అక్కడా స్పీడు మార్చం, కోణమే. 1939లో మొదటిసారి ఎగిరిన సికోర్‌స్కీ విఎస్-300తో ఒక పెద్ద రోటర్, తోకలో ఒక చిన్న రోటర్ అనే పద్ధతి గట్టిగా నిలబడింది. మన నేవీ వాడే కామోవ్-31లో ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు ఎదురెదురు తిరుగుతాయి, దానికి టెయిల్ రోటరే అక్కర్లేదు.

టెయిల్ కంటే ఎక్కువ టైమ్ తిన్నది వణుకు. రోటర్ తిప్పడం మొదలెడితే తోక అటూ ఇటూ ఊగుతోంది, గైరో గెయిన్ (కదలికకి ఎంత గట్టిగా స్పందించాలనే సెట్టింగు) తగ్గించినా పోలేదు. బ్లేడ్లు తూచాం సమానమే, కొసలకి రెండు రంగుల టేపు వేసి ట్రాకింగ్, అంటే రెండూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా అని చూశాం, బాగానే ఉంది. చివరికి ఫెదరింగ్ షాఫ్ట్ ఊడదీసి అద్దం ముక్క మీద దొర్లిస్తే ఒక చోట కింద సన్నటి వెలుతురు కనపడింది, మళ్ళీ మాయమైంది, మళ్ళీ కనపడింది. కొత్త ప్యాకెట్‌లోంచి వచ్చిన షాఫ్టే వంకర. ఇంకోటి వేసి తిప్పితే తోక నిలబడిపోయింది. గైరో నిజమైన కదలికకీ వణుకుకీ తేడా తెలీక రెండిటికీ సర్వోని తిప్పుతూ ఉంటుంది, కాబట్టి వణుకు పోకుండా సెట్టింగులు ఎన్ని మార్చినా దండగే.

ఏప్రిల్, పొలంలో

ఇంటి దగ్గర ఎగరేయడం కుదరదు, హకీంపేట ఒక పక్క, బేగంపేట ఒక పక్క, దుండిగల్ ఇంకో పక్క, మూడూ విమానాలు దిగే చోట్లే. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ చూసుకుని గజ్వేల్ అవతల మా పెద్దబాపు పొలానికి పోయాం. పత్తి తీసేసిన చేను, మనుషులు లేరు, కరెంటు తీగలు లేవు.

పైకి లేచిన మొదటి క్షణంలోనే ఒకటి కనపడింది. నేలకి రోటర్ వెడల్పు లోపల, అంటే మోకాలెత్తు దాకా, తక్కువ పిచ్‌తోనే తేలుతోంది కానీ అటూ ఇటూ జారుతోంది. నేల అడ్డం ఉండటంతో కిందికి దిగే గాలి వేగం తగ్గుతుంది, అంత పవర్ అక్కర్లేదు. నడుం దాటి పైకెళ్ళాక కొంచెం పిచ్ ఎక్కువ అడిగింది, కానీ నిలకడ వచ్చింది. ఇంకోటి, నిశ్చలంగా ఉన్నప్పుడు అది కుడి వైపుకి కొద్దిగా ఒరిగి ఉంది. "బిడ్డా, వంకరగున్నది సూడు, మంచిగ బిగియ్యలేదా" అన్నాడు పెద్దబాపు. లేదు పెద్దబాపూ, తోక రోటర్ ఎడమకి తోస్తుంటే అటు కొట్టుకుపోకుండా కుడికి వాలి నిలబడుతోంది అని చెప్పా. ఈసారి కిందికి కూర్చుని రోటర్‌నీ నేలనీ ఒక గీతలో పెట్టి చూసి తలూపాడు, పత్తికి మందు కొడతదా అని తర్వాత ప్రశ్న.

ముందుకి తోశాక ఇంకో సంగతి. ఎడమ బ్లేడు ముందుకి వెళ్తుంది, దానికి ఎదురుగాలి కలుస్తుంది, కుడి బ్లేడు వెనక్కి వెళ్తుంది, దానికి గాలి తగ్గుతుంది. ఎడమ ఎక్కువ లిఫ్ట్, కుడి తక్కువ, కాబట్టి కుడికి పల్టీ కొట్టాలి. 1920ల మొదట్లో స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా చేసిన ఆటోజైరోలు (ఇంజన్‌తో కాక గాలికే తిరిగే రోటర్ ఉన్న విమానాలు) ఇట్లాగే పక్కకి పడిపోయేవి, బ్లేడు మొదలు దగ్గర కీలు పెట్టి, ఎక్కువ లిఫ్ట్ వచ్చిన బ్లేడుని పైకి లేవనిచ్చాకే 1923లో ఆయన సి.4 సరిగ్గా ఎగిరింది. లేస్తున్న బ్లేడుకి గాలి పైనుంచి తగిలి కోణం తగ్గుతుంది, దిగుతున్నదానికి పెరుగుతుంది, లెక్క సరిపోతుంది. నా మోడల్‌లో కీలు లేదు, డాంపర్లూ బ్లేడు వంగడమూ ఆ పని కొంత చేస్తాయి. పావు చుట్టు సూత్రం ఇక్కడా వచ్చింది: ఎడమ పక్క దొరికిన ఎక్స్‌ట్రా లిఫ్ట్ ముక్కు మీద బయటపడుతుంది, స్పీడు అందుకోగానే ముక్కు లేస్తుంది. బెంచ్ మీద పిచ్ గేజ్ చెప్పిందే పొలంలో కళ్ళ ముందు జరుగుతుంటే ఆ సంతోషం వేరే.

వెనక్కి వెళ్ళే బ్లేడుకి స్పీడుతో పాటు గాలి తగ్గుతూ పోయి చివరికి అది స్టాల్ అవుతుంది, అంటే లిఫ్ట్ పోతుంది, హెలికాప్టర్లు విమానాలంత స్పీడు పోలేకపోవడానికి పెద్ద కారణం ఇదే. 1986లో వెస్ట్‌లాండ్ లింక్స్ గంటకి 400.87 కిలోమీటర్లు పోయింది, దానికోసం బ్లేడు కొసలనే ప్రత్యేకంగా చేశారు.

మే, ఎండలు

మధ్యాహ్నం 40 డిగ్రీల్లో ఎగరేస్తే పొద్దున కంటే బద్ధకంగా ఉంది. హైదరాబాద్ ఎత్తు 500 మీటర్ల పైనే, దానికి ఎండ తోడైతే గాలి సాంద్రత సముద్ర మట్టం దగ్గర స్టాండర్డ్ 1.225 నుంచి 1.06కి పడిపోతుంది, 13 శాతం పోయినట్టు. అదే బరువుకి అర డిగ్రీ దాకా పిచ్ ఎక్కువ కావాలి. ఇక్కడే ఇట్లా ఉంటే సియాచిన్‌లో చీతా హెలికాప్టర్లు నడిపేవాళ్ళని తలుచుకోవాలి. ఆ చీతా అసలు పేరు లామా, 1972లో జాన్ బూలే అనే ఫ్రెంచ్ పైలట్ దాన్నే 12,442 మీటర్లకి ఎక్కించాడు. దిగబోతుంటే ఇంజన్ ఆరిపోయింది, మళ్ళీ అంటుకోలేదు, ఆ ఎత్తు నుంచి నేల దాకా ఆటోరొటేషన్‌తోనే దించాడు.

నేనిప్పుడు అదే నేర్చుకుంటున్నా. మోటార్ ఆపేస్తే మెయిన్ గేర్‌లోని వన్-వే బేరింగ్ రోటర్‌ని వదిలేస్తుంది. వెంటనే పిచ్ తగ్గించి దిగనిస్తే కిందినుంచి వచ్చే గాలి బ్లేడు మధ్య భాగాన్ని ముందుకి లాగి తిప్పుతుంది, కొస భాగం మాత్రం ఆపాలని చూస్తుంది, రెండూ సరితూగిన చోట ఆర్పీఎం నిలబడుతుంది. నేల దగ్గరికి వచ్చాక ముక్కు ఎత్తి స్పీడు చంపి, ఆఖర్న పిచ్ పెంచి కూర్చోబెట్టాలి. ఆ ఆఖరి పిచ్‌కి ఉన్న నిల్వ ఎంతో లెక్కేశా: తిరిగే రెండు బ్లేడ్లలో దాచి ఉన్న శక్తి 2500 ఆర్పీఎం దగ్గర 80 జౌల్స్ లోపు, హోవర్‌కి, అంటే గాల్లో ఒకచోట నిలబడడానికి, షాఫ్ట్ దగ్గర 70 వాట్లు కావాలి కాబట్టి పేపర్ మీద ఒక సెకను. ఆర్పీఎం పడిపోయేకొద్దీ లిఫ్ట్ వర్గం లెక్కన పోతుంది కాబట్టి మొత్తం వాడుకోలేం, చేతికి వచ్చేది అర సెకను. పిచ్ ముందే లాగితే నడుమెత్తులో నిల్వ అయిపోతుంది, ఆలస్యం చేస్తే స్కిడ్లు (కింది కాళ్ళు) విరుగుతాయి.

ప్రస్తుతానికి తక్కువ ఎత్తు నుంచి, కొంచెం ఎదురుగాలి ఉన్న పొద్దున పూట మాత్రమే చేస్తున్నా, స్కిడ్లు క్షేమం. బరువైన బ్లేడ్ల సెట్టు ఒకటి ఆర్డర్ పెట్టా, ఒక్కోటి నాలుగైదు గ్రాములు ఎక్కువ, నిల్వ శక్తి ఆ మేరకు పెరగాలి, దాంతో పాటు ఫెదరింగ్ షాఫ్ట్ మీద లాగుడు 35 కిలోలు దాటుతుంది కాబట్టి బోల్టులూ థ్రస్ట్ బేరింగులూ కొత్తవి వేస్తా. అవి వచ్చాక మళ్ళీ కాటా ఎక్కించి సున్నా డిగ్రీల దగ్గర వాట్లు ఎంత పెరిగాయో ముందు చూసి, తర్వాతే పొలానికి.